పాటను ప్రార్థనగా మలచిన పురుషోత్తమ చౌదరి

నరసన్నపేట నుంచి పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్లే దారి ఈ జిల్లా వారికి కొత్త కాదు. పెళ్లిళ్లకూ, బేరాలకూ, చుట్టపు చూపులకూ జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఆ దారికి అవతలి కొసన పుట్టి, ఇవతల శ్రీకాకుళంలో జీవితం మలుపు తిరిగిన ఒక కవి రాసిన పాటలను నేటికీ తెలుగు దేశమంతటా క్రైస్తవ గృహాల్లో పాడుకుంటున్నారు. గుంటూరు, నెల్లూరు వైపు వారికి కూడా ఆయన పాటలు కంఠతా వచ్చు. కాని ఆయన మన ప్రాంతపు మనిషని ఇక్కడే చాలామందికి తెలియదు. ఆ కవి పేరు పురుషోత్తమ చౌదరి.

చౌదరి 1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించారు. తండ్రి కూర్మనాథ చౌదరి. తల్లి సుభద్ర. వారిది వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. అప్పట్లో పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. చౌదరి కాలంలో ఈ సరిహద్దులేవీ లేవు. ఒకే వీధిలో తెలుగు, ఒరియా వినిపించేవి. ఇంట్లో వంగభాష, చదువులో సంస్కృతం ఉండేవి. ఈ భాషలన్నీ చౌదరికి పట్టుబడ్డాయి. కవిత్వం మాత్రం తెలుగులో చెప్పారు.

ఆ కుటుంబంలోని పేర్లు చూస్తే వారి ఇంటి భక్తి ఎటువంటిదో తెలుస్తుంది. తండ్రి పేరు శ్రీకూర్మంలో వెలసిన స్వామిది. కుమారుని పేరు పూరీ క్షేత్రంలో కొలువైన పురుషోత్తమునిది. తల్లి పేరు ఆ జగన్నాథుని సోదరిది. ఒక పక్క శ్రీముఖలింగం, మరో పక్క అరసవిల్లి, ఉత్తరాన పూరీ. ఇన్ని క్షేత్రాల నడుమ పెరిగిన పిల్లవానికి పూజలు, వ్రతాలు, జపతపాలు ఉగ్గుపాలతోనే అబ్బుతాయి. పాటకూ కొదవ లేదు. ఒరియా వైష్ణవ గీతాలకు పేరొందిన గోపాలకృష్ణ పట్నాయక్ (1784-1862) ఆ పర్లాకిమిడి వారే. దక్షిణాన తంజావూరు సీమలో త్యాగరాజు కీర్తనలు చెబుతున్న కాలం కూడా అదే. దేవునితో మాట్లాడటానికి పాటే దగ్గర దారి అనే భావం ఆనాటి గాలిలోనే ఉంది.

చౌదరి శాస్త్రాలు చదివారు. ఆచారాలు పాటించారు. రాధామణితో వివాహమైంది. సంసారంలో పడ్డారు. పైకి ఏ లోటూ లేదు. కాని పాపం ఎలా పోతుంది, ముక్తి ఎలా దొరుకుతుంది అనే ప్రశ్న ఆయనను విడిచిపెట్టలేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతున్న రోజుల్లోనే ఆయన చేతికి తెలుగులో అచ్చయిన ఒక చిన్న క్రైస్తవ పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకం ఆయన దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి. లండన్ మిషన్ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం చేరుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో వారు బైబిలు భాగాలను తెలుగు చేశారు. క్రాన్ 1809లోనూ, దెగ్రాంజ్ 1810లోనూ కన్నుమూశారు. వారి తెలుగు సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. ప్రిచ్చెట్ అనే మరో మిషనరీ పూర్తి చేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. మొత్తం బైబిలు తెలుగులో రావడానికి 1850 తరువాతి దాకా ఆగవలసి వచ్చింది. కనుక చౌదరి యువకునిగా ఉన్న కాలంలో తెలుగులో క్రైస్తవ గ్రంథాలు అతి తక్కువ. చేతి నుంచి చేతికి మారే చిన్న పుస్తకాలే ఎక్కువ. వాటిలో ఒకటి ఆయనకు చిక్కింది.

శ్రీకాకుళంలో మలుపు

ఆనాటి శ్రీకాకుళాన్ని దొరలు చికాకోల్ అని పిలిచేవారు. అక్కడ హెలెన్ నాట్ అనే క్రైస్తవ మహిళ ఉండేది. చౌదరి ఆమె వద్ద క్రైస్తవ గ్రంథాలను గురించి తెలుసుకున్నారు. ఇది చెప్పుకోవలసిన సంగతి. శాస్త్రాలు చదివిన బ్రాహ్మణ పండితుడు, కవి, ముప్పై ఏళ్లవాడు. అతడు పరమార్థం కోసం పరాయి మతానికి చెందిన ఒక స్త్రీ దగ్గర శిష్యుడిలా కూర్చోవడం 1830 ప్రాంతాల్లో ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఊరు ఏమనుకుంటుందో ఆయనకు తెలియదనుకోలేము.

అవి రోజులు కూడా బాగులేవు. 1832 నుంచి పర్లాకిమిడి జమీందారీలో కల్లోలం చెలరేగింది. కుంఫిణీ ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా నియమించి సైన్యాన్ని దింపింది. దక్షిణాన గుంటూరు సీమలో 1832-33లో భయంకరమైన కరువు వచ్చింది. దారులు క్షేమంగా లేవు. ధాన్యం ధరలు మండిపోతున్నాయి. ఆ పరిస్థితుల్లో చౌదరి క్రీస్తును నమ్ముకోవాలని నిశ్చయించుకుని, బాప్తిస్మం కోసం కటకం వెళ్లారు.

శ్రీకాకుళం నుంచి కటకం సుమారు 350 కిలోమీటర్లు. రైలు లేదు. నరసన్నపేట, టెక్కలి, ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా సాగే పాత బాట ఉంది. కటకంలో ఇంగ్లాండు బాప్టిస్టులు 1822 నుంచి మిషన్ నడుపుతున్నారు. ఆ మిషన్‌లో మొట్టమొదట బాప్తిస్మం పొందినవాడు కూడా ఒక తెలుగువాడే. 1827లో బరంపురంలో ఎర్రన్ అనే తెలుగువానికి బాంప్టన్ మిషనరీ బాప్తిస్మం ఇచ్చారు. మరుసటి ఏడు గంగాధర సారంగి అనే ఒరియా బ్రాహ్మణుడు క్రైస్తవుడయ్యారు. అంటే కటకంలో చౌదరికి తన వంటి కష్టం పడిన మనిషి ముందే ఉన్నాడన్న మాట. 1833 అక్టోబరులో అక్కడ చౌదరి బాప్తిస్మం పొందారు.

దానికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఆనాటి చట్టం ప్రకారం మతం మారినవానికి పిత్రార్జితంలో హక్కు పోయేది. కులం తప్పినా, మతం మారినా ఆస్తి హక్కు పోరాదని చెప్పే చట్టం దేశమంతటికీ 1850లో గాని రాలేదు. చౌదరి పదిహేడేళ్ల ముందే ఆ గీటు దాటారు. ఆస్తి సంగతి అటుంచితే, కులం నుంచి వెలి అంటే బావి, పొయ్యి, పెళ్లి, చావు అన్నిటి నుంచీ వెలి. తనతో పుట్టి పెరిగిన వారి పంక్తిలో కూర్చోవడానికి వీలులేని బ్రతుకు. తరువాత భార్య రాధామణి కూడా ఆయన విశ్వాసాన్నే స్వీకరించింది. ఆమె పడిన కష్టాన్ని ఎవరూ పాటగా కట్టలేదు.

పేరు మాత్రం ఆయన మార్చుకోలేదు. కొత్తగా మతంలో చేరినవారికి అబ్రాహాము, యోహాను వంటి పేర్లు పెట్టడం పరిపాటి. చౌదరి పూరీ స్వామి పేరుతోనే క్రైస్తవ బోధకులయ్యారు, ఆ పేరుతోనే పాటలు రాశారు. ఎనభై ఆరేళ్లు బ్రతికి ఆ పేరుతోనే కన్నుమూశారు. ఆయన పాటల స్వభావం కూడా అంతే. కొలిచే దేవుడు మారాడు గాని, కొలిచే భాష, రాగం, భక్తుని వినయం ఈ నేలవే.

పరాయి మెట్టు, మన నోరు

ఆనాటి క్రైస్తవ ఆరాధనలో ఒక చిక్కు ఉండేది. మిషనరీలు తమ దేశపు పాటలను తెలుగు చేసి, తమ దేశపు మెట్టులోనే పాడించేవారు. ఇంగ్లీషు పాటకు ఊనిక ప్రధానం. తెలుగు పద్యానికీ పాటకూ గురులఘువులు ప్రధానం. మెట్టుకోసం పొట్టి అక్షరాన్ని సాగదీస్తే తెలుగులో మాటే మారిపోతుంది. పలు అనవలసిన చోట పాలు అని వినిపిస్తుంది. కల కాస్తా కాల అవుతుంది. పాడేవాడికి అర్థం కాదు, వినేవాడికి నవ్వు వస్తుంది. అర్థం కాని మాటతో నలుగురిలో పాడటం ఎలాగో జరిగిపోతుంది గాని, ఒంటరిగా చీకట్లో కూర్చుని దేవునితో మొర పెట్టుకోవడం జరగదు.

చౌదరి ఈ ముడి విప్పారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉన్న కీర్తనను తీసుకున్నారు. యతిప్రాసలు నిలిపారు. శంకరాభరణం, ముఖారి వంటి రాగాల్లో, తెలిసిన తాళాల్లో కట్టారు. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. ఆయన రాసిన కీర్తనలు నూటికి పైగా ఉంటాయి. బాప్టిస్టు, లూథరన్, దక్షిణ ఇండియా సంఘం అనే భేదం లేకుండా తెలుగు క్రైస్తవులందరికీ అవి ఉమ్మడి ఆస్తి అయ్యాయి. ఒక సంఘం బోధన మరొకరికి నచ్చకపోవచ్చు, పాట దగ్గర మాత్రం తగాదా రాలేదు. తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి సంప్రదాయంపై ఆర్.ఆర్.సుందరరావు పరిశోధన చేసి రాసిన గ్రంథం 1983లో మద్రాసు నుంచి వెలువడింది. పండితులు ఆ పాటలను పట్టించుకోవడానికి అంతకాలం పట్టింది. పామరులు అంతకు నూరేళ్ల ముందే పట్టించుకున్నారు.

ఆ కీర్తనల్లో ఎక్కువగా వినిపించేది మేము కాదు, నేను. భక్తుడు ఒక్కడే నిలబడి దేవునితో మాట్లాడతాడు. తన తప్పు తానే ఒప్పుకుంటాడు. తన పుణ్యం వల్ల, జపం వల్ల, చదువు వల్ల ఏదీ గట్టెక్కలేదని చెప్పుకుంటాడు. చేయి పట్టుకోమని అడుగుతాడు. కొన్ని చోట్ల బిడ్డ తండ్రిని అడిగినట్లు, మరికొన్ని చోట్ల అప్పులవాడు సాహుకారు ముందు నిలబడినట్లు ఉంటుంది. రామదాసు రాముని నిలదీసిన తీరు తెలిసిన తెలుగువారికి ఈ చనువు వింత కాదు. వ్రతాలు, నియమాలు శ్రద్ధగా పాటించి చూసిన మనిషే వాటివల్ల తన దాహం తీరలేదని రాసినప్పుడు ఆ మాటకు బరువు ఉంటుంది. ఆ మాట ఎవరినో ఎత్తి పొడవడానికి అన్నది కాదు, తన లెక్క తాను చూసుకుంటున్నాడు.

ఆయన వాదగ్రంథాలు కూడా రాశారు. కులాచార పరీక్ష అటువంటిది. నిస్తార రత్నాకరము, యేసు నాయక శతకము అనే కృతులు కూడా ఆయనవే. కుల విభేదాలను ఆనాడే ప్రశ్నించిన ధైర్యం మెచ్చదగినది. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. వాదించడానికి రాసిన పుస్తకాలను నేడు చదివేవారు అరుదు. ఒకరి మతాన్ని మరొకరు ఖండించుకునే ఆ కాలపు ధోరణి ఇప్పటి చెవికి కటువుగానే ఉంటుంది. దేవుని ముందు మోకరించి రాసిన పాటలు మాత్రం చిరగని గుడ్డలా ఇంకా వాడుకలో ఉన్నాయి.

చదువు రాని వారికి ప్రార్థన పుస్తకం

ఈ పాటలు ఇంత లోతుగా పాతుకోవడానికి మరో కారణం ఉంది. 19వ శతాబ్దంలో పల్లెల్లో క్రైస్తవులైన వారిలో అధికులు అక్షరం ముక్క రానివారు. ఊరికి ఉపదేశి వచ్చేది ఎప్పుడో ఒకసారి. గుడి లేదు. బైబిలు కొనే స్తోమత లేదు, కొన్నా చదివేవారు లేరు. అటువంటి చోట మనిషి తన ప్రార్థనను తానే నిలుపుకోవాలి. ఏమని అడగాలో, ఎలా మొదలుపెట్టాలో తెలియక నోరు మూగబోయేది. కంఠతా వచ్చిన ఒక కీర్తన ఆ మూగతనాన్ని పోగొట్టింది.

కీర్తన నిర్మాణమే అందుకు సాయపడుతుంది. పల్లవి ప్రతి చరణం తరువాతా తిరిగి వస్తుంది. అది భక్తుని మనవి. మనసు ఎటో పోయినా పల్లవి మళ్లీ వెనక్కు తెచ్చి కూర్చోబెడుతుంది. చరణాలు మెట్ల వంటివి. చౌదరి కీర్తనలు అనేకం ముందు దేవుని పిలవడంతో మొదలై, తన స్థితి చెప్పుకుని, క్రీస్తు పడిన శ్రమను తలచుకుని, చివరికి తనను అప్పగించుకోవడంతో ముగుస్తాయి. ఈ వరుస తెలిసిన వారికి పాట ముగిసేసరికి ప్రార్థన సగం అయిపోయినట్లే. ఆపైన తన ఇంటి కష్టం, పిల్లవాడి జ్వరం, పొరుగువానితో తగాదా, వాన రాక సొంత మాటల్లో చెప్పుకోవడమే మిగులుతుంది.

నేడు చాలాచోట్ల వేళ చాలదని మొదటి చరణం, చివరి చరణం పాడి ముగిస్తున్నారు. ఆరాధనలో అది తప్పకపోవచ్చు. ఇంట్లో ఒంటరిగా పాడుకునేటప్పుడు కూడా అలాగే చేస్తే, మెట్లు ఎక్కకుండా మిద్దె మీదికి దూకినట్టే. నడుమ ఉన్న చరణాల్లోనే మనిషి తనను తాను చూసుకునేది.

ఈ పాటలను ఇల్లిల్లూ చేర్చినవారిలో ఉపదేశులతో పాటు బైబిలు స్త్రీలు ముఖ్యులు. 1870ల తరువాత కెనడియన్ బాప్టిస్టు మిషన్ మన ఉత్తర కోస్తాలో పని ప్రారంభించాక, ఈ స్త్రీలు ఊరూరా తిరిగి వాకిళ్లలో కూర్చుని ముందు పాట నేర్పేవారు, తరువాత కథ చెప్పేవారు. అన్నం వండుతూ, ఊడుపు ఊడుస్తూ స్త్రీలు ఆ పాట పట్టుకునేవారు. తెల్లవారుజామున కోడి కూసే వేళ, రాత్రి భోజనాలయ్యాక దీపం చుట్టూ కుటుంబమంతా కూడి ఒక కీర్తన, ఒక వాక్యం, ఒక ప్రార్థన అనే వాడుక అలా స్థిరపడింది. కుటుంబ ప్రార్థన అని దానికి పేరు. పెద్దలు పాడగా వినివినే పిల్లలకు ఆ పాటలు పట్టుబడేవి. బడికి వెళ్లి అక్షరాలు నేర్చాక పుస్తకంలో చూసి, ఇది మన పాటేనని గుర్తుపట్టేవారు.

చౌదరి తన జీవితకాలంలో విశాఖపట్నం, శ్రీకాకుళం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో బోధించారు. ఆయన బాప్తిస్మం పొందిన కటకం మిషన్‌కే చెందిన ఆమోస్ సట్టన్ 1835లో అమెరికా వెళ్లి తెలుగువారి మధ్య పని చేయమని అక్కడి బాప్టిస్టులను కోరారు. ఫలితంగా శామ్యూల్ డే 1836లో ఇటు వచ్చారు. విశాఖపట్నంలోనూ, తరువాత కొంతకాలం శ్రీకాకుళంలోనూ ఉండి తెలుగు నేర్చుకుని, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరి మిషన్ స్థాపించారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో తరువాత వేలాదిమంది క్రైస్తవులయ్యారు. వారి నోట పలికిన కీర్తనల్లో మన ప్రాంతపు కవి పాటలు ఉన్నాయి. మిషనరీలు ఇక్కడి నుంచి దక్షిణానికి వెళ్లారు, పాట కూడా వారి వెంటే వెళ్లింది.

ఒక విషయంలో చౌదరి తనకు తాను కఠినంగా ఉన్నారని ఆయన పాటలే చెబుతాయి. నమ్మిన తరువాత అంతా సుఖమేనని ఆయన రాయలేదు. మనసు చలించడం, ప్రార్థనకు కూర్చుంటే ఆలోచనలు పరుగెత్తడం, పాత దోషం మళ్లీ తల ఎత్తడం వంటివి దాచిపెట్టలేదు. బోధకుడు తన బలహీనతను నలుగురూ పాడుకునే పాటలో పెట్టడం తేలిక కాదు. అందుకే పొలం గట్టు మీద కూర్చున్న కూలివాడు కూడా ఆ పాటలో తనను తాను చూసుకోగలిగాడు. పండితుడి కష్టం, పాలేరు కష్టం దేవుని ముందు ఒకటేనని ఏ ఉపన్యాసమూ లేకుండా ఆ పాట తేల్చింది. కులాచార పరీక్ష చెప్పాలనుకున్నదీ అదే గదా!

పుస్తకంలో పాట చివర రచయిత పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాడేవారు అక్కడి దాకా చూడరు. పేరు చూసినవారిలోనూ కొందరు ఆయనను కృష్ణా, గుంటూరు జిల్లాల వాడనుకుంటారు. చౌదరి అనే ఇంటిపేరు అలా పొరపాటు పడేట్టు చేస్తుంది. అది వంగదేశం నుంచి వచ్చిన పేరు.

పురుషోత్తమ చౌదరి 1890 ఆగస్టు 24న కన్నుమూశారు. మరో పన్నెండు రోజులు బ్రతికి ఉంటే ఎనభై ఏడు నిండేవి. అప్పటికి ఈ తీరాన రైలు పట్టాలు ఇంకా పడలేదు. మరికొన్నేళ్లకు రైలు వచ్చింది. ఆయన కటకం వెళ్లిన పాత బాట మాత్రం నరసన్నపేట మీదుగా నేడు జాతీయ రహదారిగా సాగుతోంది.